నోటిదాకా వచ్చిన పేరు

నాకు మొహాలు గుర్తుంటాయి, పేర్లుండవు. పెళ్ళిళ్ళలో అయితే ఈ జబ్బుతో ఎలాగో నెగ్గుకు రావచ్చు. "ఏమండీ, కులాసానా?" అంటే చెల్లిపోతుంది. కాని నా బతుకుతెరువు బేరింగులు అమ్మడం. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల చుట్టూ ఇరవయ్యేళ్ళు తిరిగాను. ఏ గేటు దగ్గరైనా మొదటి ప్రశ్న ఒకటే: "ఎవల్ని కలువాలె సార్?" పేరు చెబితే లోపలికి ఫోను వెళ్తుంది. చెప్పలేకపోతే లారీల దుమ్ము మింగుతూ నిలబడాలి.

అసలు ఈ ఉద్యోగం కోసం వెళ్ళిన ఇంటర్వ్యూలోనే నా అవస్థ మొదలయింది. ముగ్గురు పెద్దమనుషులు వరసగా పేర్లు చెప్పారు. తలాడించి కూర్చునేసరికి మూడూ గాలిలో కలిసిపోయాయి. కారణం చాలాకాలానికి చదివాను. 1973లో బ్రెనర్ అనే పరిశోధకుడు కొందరిచేత వంతులవారీగా మాటలు పైకి చదివించాడు. తమ వంతుకు కాస్త ముందు విన్న మాటలే వాళ్ళకు తక్కువ గుర్తున్నాయట. నా పేరు నేను తడబడకుండా చెప్పాలనే కంగారులో వాళ్ళ పేర్లు నా చెవికెక్కలేదన్నమాట!

మనిషికి తన పేరంత తియ్యని మాట మరొకటి లేదని డేల్ కార్నెగీ 1936లో పుస్తకం వేశాడు. అది నమ్మి, తండ్రి వయసున్న ఒక కొనుగోళ్ళ అధికారిని మాటకోసారి పేరు పెట్టి పిలిచాను. "గారు" తగిలించాను సుమండీ! అయినా ఆయన కళ్ళజోడు తీసి చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. ఆర్డరు సంగతి అడక్కండి. మన దగ్గర పెద్దవారి పేరు తెలిసుండాలి గాని, వారి ముందు నోటికి రాకూడదు. దాని పని గేటు దగ్గరే సరి.

తర్వాత ఒక చిన్న పుస్తకం పెట్టాను. ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సెక్కగానే రాసుకునేవాణ్ణి: ఫలానావారు, గుబురు మీసాలు, కూతురు ఇంటర్మీడియట్. 1987లో ఇంగ్లండులో తేల్చారు కూడా, ఒకే మాటను ఇంటిపేరుగా చెబితే మరిచిపోయేవారు వృత్తిగా చెబితే గుర్తుంచుకుంటారని. కమ్మరి అంటే కొలిమి కనబడుతుంది. ఉత్త పేరులో ఏం కనబడుతుంది? స్టోర్సువారు, మెయింటెనెన్సువారు, చెక్కు రాసే గుమాస్తా, అందరూ నా పుస్తకంలోకి ఎక్కారు.

కాలక్రమాన నేనూ బల్లకు అవతలివైపు కూర్చునేవాణ్ణయ్యాను. కిందటేడు సంగారెడ్డి నుంచి డిప్లొమా చదివిన కుర్రాడొకడు ఇంటర్వ్యూకి వచ్చాడు.

"మీ నాన్న ఏం చేస్తారు?"

"పాశమైలారంల వాచ్‌మన్ సార్. మీకు ఎరుకేనన్నడు."

ఏ గేటో కూడా చెప్పాడు. ఆరేళ్ళు ఆ గేటులోంచి వెళ్ళాను. ఎండాకాలం కుండలో నీళ్ళు ముంచి ఇచ్చినవాడు, పేరు తట్టక నేను నీళ్ళు నములుతూ ఉంటే "పొట్టి సారా, కండ్లద్దాల సారా?" అని అందించి లోపలికి పంపినవాడు, ఆయనే. దరఖాస్తులో తండ్రి పేరు చూశాను. ఎన్నడూ వినని పేరు. ఇంటికి వెళ్ళి పుస్తకమంతా తిరగేశాను. లేదు.

కుర్రాడికి ఉద్యోగం వచ్చింది. బేరింగు ఎందుకు వేడెక్కుతుందో నాకన్నా బాగా చెప్పాడు లెండి. చేరిన రోజున వాళ్ళ నాన్నను అడిగానని చెప్పమన్నాను, ఈసారి పేరుతో. కుర్రాడు నవ్వాడు.

"నాయిన మీ పేరు ఇంటిపేరుతోని సహా చెప్పిండు సార్. రిజిస్టర్ల ఆయనే రాస్తుండె గద."