పళ్ళు కొరికేవాడి నైట్ గార్డు

"రాత్రి మళ్ళీ వేయించిన శనగలు నమిలారు" అంది మా ఆవిడ, కాఫీ కప్పు చేతికిస్తూ. నేను రాత్రి పెరుగన్నం తిని పడుకున్నానని మనవి.

నిద్రలో పళ్ళు కొరుకుతానని పెళ్ళయ్యేదాకా నాకు తెలీదు. అమీర్‌పేట రూంలో నలుగురం పడుకునేవాళ్ళం గానీ ఆ గురకల గోలలో ఇదెవరికి వినపడుతుంది? మనం నిద్రపోయాక జరిగేవాటికి లాగ్ రాసేవాళ్ళు పక్కనుండాలి. పెళ్ళయ్యాక అలాంటి మనిషి వచ్చింది. అయినా నమ్మలేదు. ఓ శనివారం టిఫిన్ తింటుంటే కింది దవడ పన్ను పెచ్చు ఊడి చేతిలోకొచ్చాక నమ్మాను. ఇడ్లీ తిని పన్ను విరగ్గొట్టుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

మా ఊరు పాల్వంచ అవతల, కిన్నెరసాని అడవి అంచున. (2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయింది గానీ ఎవరడిగినా నా నోటికి ఇంకా ఖమ్మం జిల్లా అనే వస్తుంది.) అమ్మకి ఫోన్ చేసి చెబితే "కడుపులో నులిపురుగులురా, మాత్ర ఏసుకో" అంది. చిన్నప్పుడు మా వీధిలో పళ్ళు కొరికిన పిల్లలందరికీ అదే వైద్యం. పురుగులుంటే మాత్ర వేసుకోవాల్సిందే, కాదనను. కానీ ప్రొడక్షన్ రిలీజు వారంలోనే పురుగులు ఎక్కువవుతాయా?

డాక్టర్లు దీన్ని బ్రక్సిజం అంటారు. నిద్రలో మెదడు కాసేపు తేలికగా మేలుకున్నప్పుడు దవడ కండరాలు కూడా పని మొదలెడతాయట. ఒత్తిడి, కాఫీ, సిగరెట్, మందు దీన్ని పెంచుతాయి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులతో కూడా రావచ్చు. మన ఐటీ వాళ్ళ దినచర్య చూసే ఈ లిస్టు రాశారేమో అనిపించింది.

ఇంజనీరుని కదా, డాక్టర్ దగ్గరికెళ్ళే ముందు ఆన్‌లైన్లో వెతికాను. వేడినీళ్ళలో వేసి మెత్తబడ్డాక కొరికితే మన పంటి అచ్చు పడే గార్డు ఒకటి నాలుగొందలకి దొరికింది. 'ఎవరికైనా సరిపోతుంది' అని డబ్బా మీద రాసుంది. భద్రాచలం రోడ్ స్టేషన్ కూడా అంతే. పేరు చూసి రాములవారి గుడి పక్కనే అనుకుని దిగితే మీరుండేది కొత్తగూడెంలో, గుడి ఇంకా నలభై కిలోమీటర్లు. ఆ గార్డు పెట్టుకుంటే నోట్లో చెప్పు ముక్క పెట్టుకున్నట్టుండేది. రెండు రాత్రులు వాంతొచ్చినంత పనైంది. తర్వాత అలవాటైంది గానీ, పొద్దున్నే చెంపలు ఇదివరకటి కంటే ఎక్కువ నొప్పి. మూడు వారాలకి దానికి బొక్క పడింది.

అప్పుడు డాక్టరమ్మ దగ్గరికెళ్ళాను. బొక్క పడ్డ గార్డు చూసి నవ్వి, "మెత్తటిది నోట్లో ఉంటే కొందరి దవడ దాన్ని నమలాలనుకుంటుంది" అంది. ఇంటికొచ్చి చదివితే, 1987లో ఓకేసన్ అనే అమెరికన్ డాక్టరు పదిమంది మీద చేసిన చిన్న పరిశోధన కనపడింది. గట్టి గార్డుతో ఎనిమిదిమందికి రాత్రిపూట కండరాల పని తగ్గింది. మెత్తటిదానితో ఐదుగురికి పెరిగింది. పదిమందితో లోకమంతా తేల్చలేం. నా చెంపలు మాత్రం ఆ ఐదుగురి పార్టీయే.

మెత్తటిది, గట్టి యాక్రిలిక్‌ది, లోపల మెత్తగా బయట గట్టిగా ఉండే రెండు పొరలది, ముందు పళ్ళకి మాత్రమే తగిలించే చిన్నది, ఇలా చాలా రకాలున్నాయి. చిన్నదే హాయిగా ఉంటుందేమో అన్నాను. దాన్ని సరిగ్గా చూసుకోకుండా నెలల తరబడి వాడితే, ఏ ఆనుడూ లేని వెనక పళ్ళు కదిలి కొరుకుడే మారిపోవచ్చంది. చివరికి పై పళ్ళన్నిటినీ కప్పే గట్టి గార్డు తీసుకున్నాను. ఆరు వేలు. ప్లాస్టిక్ ముక్కకి ఆరు వేలా అని మీలాగే నేనూ అనుకున్నాను. కానీ ఆ డబ్బు ప్లాస్టిక్‌కి కాదు. పంటి అచ్చు తీసుకుని చేయించాక, ఒక నీలం కాగితం మధ్యలో పెట్టి కొరికించి, మచ్చ పడ్డచోటల్లా అరగదీసి, మళ్ళీ కొరికించి, అన్ని పళ్ళూ సమంగా ఆనేదాకా ముప్పావు గంట కూర్చుంది. ఇన్‌స్టాలేషన్ కంటే కాన్ఫిగరేషన్ ముఖ్యమని మనకి ఇంకొకళ్ళు చెప్పాలా?

వచ్చేముందు ఆవిడన్న మాట: "ఇది కొరకడాన్ని ఆపదు. పన్ను అరిగే బదులు ఇది అరుగుతుంది." అంటే బగ్ అలాగే ఉంటుంది, సర్వర్ మాత్రం పడిపోదు. పగటిపూట కూడా గమనించుకోమంది. పెదాలు కలిసుండాలి, పళ్ళు విడిగా ఉండాలి. గమనించాను. కోడ్ రివ్యూ చేసేటప్పుడల్లా బిగబట్టే ఉంటున్నాను. మానిటర్ అంచున 'పళ్ళు' అని రాసిన పసుపు చీటీ చూసి టీంలో ఎవరూ ఏమీ అడగలేదు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు గార్డుని డబ్బాలో పెట్టి గూట్లో ఉంచాను. పొద్దున లేచేసరికి అది అప్పడంలా వంకర తిరిగుంది. "వాసనొస్తందిరా, మసిలే నీళ్ళల్లో ఏసి కడిగిన" అంది అమ్మ. చల్లనీళ్ళతోనే కడగాలని ఆవిడకి చెప్పకపోవడం నా తప్పే. ఆరు వేలని మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

గార్డు లేకపోయేసరికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వరండాలోంచి కటకటమని శబ్దం. చిన్నప్పుడు అదే వరండాలో పడుకుని, అడవిపంది ఏదో వెదురు కొరుకుతోందని దుప్పటి ముసుగు తన్నేవాణ్ణి. లేచి చూస్తే అది నాన్న. కాసేపు గురక, తర్వాత ఏ చప్పుడూ లేదు, ఒక్కసారి ఉలిక్కిపడ్డట్టు ఊపిరి, ఆ వెంటనే కటకట. అలా గంటసేపు చూస్తూ కూర్చున్నాను. నాన్న పళ్ళు సగానికి అరిగున్నాయి. చెరుకు గడలు తిని అరిగాయని ఇన్నాళ్ళూ అనుకున్నాం.

నాన్నకీ ఒక గార్డు చేయిద్దామని డాక్టరమ్మకి ఫోన్ చేశాను. గురక సంగతి, ఊపిరి ఆగడం సంగతి చెప్పగానే "ఆగండి, ముందు స్లీప్ టెస్ట్" అంది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే, పై పళ్ళకి పెట్టే గార్డు కొందరిలో దాన్ని ఇంకా పెంచొచ్చట. పళ్ళు పోతే కట్టించుకోవచ్చు, ముందు ఊపిరి సంగతి చూడండి అంది.

"నిద్రకి పరీక్షేందిరా" అన్నారు నాన్న. ముప్పై ఏళ్ళు పిల్లలకి పరీక్షలు పెట్టిన మాస్టారు. రెండు రోజులు బతిమాలాక ఒప్పుకున్నారు. వచ్చే మంగళవారం ఖమ్మం తీసుకెళ్తున్నాను. నా కొత్త గార్డు ఆ తర్వాతే, అప్పటిదాకా మా ఆవిడకి శనగలు తప్పవు.