తాళంచెవి ఎవరి దగ్గర?

మా కాలనీ కమ్యూనిటీ హాల్ గొప్ప కట్టడమేమీ కాదు. కింద ఒక పెద్ద హాలు, పైన రెండు గదులు, వెనక వంటకి రేకుల షెడ్డు. పొద్దున పెద్దవాళ్ల యోగా, మధ్యాహ్నం ఆడవాళ్ల కుట్టు క్లాసు, సాయంత్రం నాలా అవతలి బస్తీ పిల్లల ట్యూషను. ఆదివారాల్లో పుట్టినరోజులు, ఓణీ ఫంక్షన్లు, పెద్దకర్మ భోజనాలు. ఇన్నాళ్లూ దీన్ని చూసుకున్న పెద్దాయన అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఇక ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న మీద హైదరాబాద్‌లోని ఈ చిన్న కాలనీ నెల రోజులుగా మూడు ముక్కలైంది.

ఒక వర్గం అసోసియేషన్ కమిటీకే ఇద్దామంటోంది. ఇంకో వర్గం టెండర్ పెట్టి, ఎక్కువ పాడినవాళ్లకి ఇచ్చేద్దామంటోంది. మూడో మాట కుట్టు క్లాసు నడిపే బస్తీ పొదుపు సంఘం ఆడవాళ్ల నుంచి వచ్చింది: రోజూ తెరిచేదీ ఊడ్చేదీ మేమే కదా, మాకే ఇవ్వండి.

టెండర్ వాదాన్ని కొట్టిపారేయలేం. బాత్రూములు బాగుపడతాయి, కరెంటు బిల్లు ఎవరు కట్టాలన్న తగువు తీరుతుంది. కాకపోతే పాడుకున్నవాడు పాట డబ్బు రాబట్టుకోవాలి. ముహూర్తాల రోజుల్లో రేటు పెంచుతాడు, అది వాడి తప్పు కూడా కాదు. ట్యూషను పిల్లలు కిరాయి కట్టరు కాబట్టి ముందు క్యాలెండర్‌లోంచి రాలిపోయేది వాళ్లే. ఏడాది తిరక్కముందే అదీ ఇంకో ఫంక్షన్ హాలవుతుంది. ఈ ఊళ్లో ఫంక్షన్ హాళ్లకి కరువా?

అసోసియేషన్‌కి అనుభవం ఉంది, లెక్కలు రాసే అలవాటుంది. కానీ అందులో సభ్యత్వం ఇంటి ఓనర్లకే. నేనిక్కడ ఎనిమిదేళ్లుగా కిరాయికి ఉంటున్నాను, నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నాను, ఓటు మాత్రం లేదు. హాలున్నది ప్రభుత్వ స్థలంలో. శాసనసభ ఎన్నికల జాబితాలో ఓనరుదీ కిరాయిదారుదీ ఒకే వరుస. 1993లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగ 74వ సవరణ, మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న మునిసిపాలిటీల్లో వార్డు కమిటీలుండాలంది. వార్డు అంటే సొంతిళ్లవాళ్లే అని అందులో ఎక్కడా రాయలేదు.

అసలు హాలు ఎవరికి ఎక్కువ అవసరం? మూడు బెడ్రూముల ఇంట్లో ఉన్నవాళ్లకి ఇరవైమంది చుట్టాలొస్తే డ్రాయింగ్ రూమ్ సరిపోతుంది. ఒంటిగది ఇళ్లవాళ్లకి శుభమైనా అశుభమైనా ఇదే దిక్కు. కిరాయి ఇంట్లో మనిషి పోతే శవాన్ని గేటు లోపలికి తేవద్దనే ఓనర్లు ఈ నగరంలో ఉన్నారు. ఆస్పత్రి నుంచి తెచ్చిన మనిషిని రోడ్డు పక్కన టెంటు కింద పడుకోబెట్టిన కుటుంబాలూ ఉన్నాయి. మా పెద్దాయన ఓసారి అలాంటి కుటుంబం కోసం రాత్రి రెండింటికి లేచొచ్చి వెనక షెడ్డు తాళం తీశారు. మర్నాడు ఎవరో "శుభకార్యాలు చేసుకునే చోట ఇదేంటండీ?" అంటే, "మరి వాళ్లెక్కడికి పోవాలమ్మా?" అన్నారు, అంతే.

ఆయన వెళ్లిపోతే ఆ మంచితనం కూడా విమానం ఎక్కేస్తుంది. నా భయమంతా అదే. మంచి మనిషి దొరికితే చాలనుకుంటాం గానీ, మంచి మనిషి చేసిన పనిని రూలుగా రాసి పెట్టుకోం.

1901లో రావిచెట్టు రంగారావు ఇంట్లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఈ నగరంలో ఇప్పటికీ ఉంది. మొదలుపెట్టినవాళ్లెవరూ లేరు. సంస్థగా కట్టారు కాబట్టి అది నిలబడింది. బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచి నాటకాలకీ చర్చలకీ చోటిస్తోంది. అయితే అది ఒక కుటుంబం ఇష్టపడి అందరికోసం తెరిచిన ఇల్లు, ఎలా నడపాలో తేల్చుకునే హక్కు వాళ్లకుంది. మా హాలు అందరిదీ కాబట్టే చిక్కు.

ఇలాంటి చిక్కుల మీదే ఎలినార్ ఆస్ట్రమ్ జీవితమంతా పనిచేశారు. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆవిడ. చేపల రేవులు, పచ్చిక బయళ్లు, సాగునీటి కాలవలు ఉమ్మడిగా ఉన్నచోట్ల ఏవి నిలిచాయో, ఏవి పాడయ్యాయో చూశారు. వాడుకునేవాళ్లకి రూల్స్ మార్చడంలో మాట ఉండాలి, కాపలా కాసేవాళ్లు వాడుకునేవాళ్లకి జవాబు చెప్పాలి అని ఆవిడ తేల్చిన సూత్రాల్లో రెండు. మా హాలు చేపల రేవు కాదు గానీ, ఈ రెండూ ఇక్కడా పనికొస్తాయి.

పొదుపు సంఘం వాళ్లకి లెక్కలొస్తాయా అని మీటింగ్‌లో ఒకాయన అడిగారు. బ్యాంకు లోను తెచ్చి నెలనెలా కంతులు కడుతున్నవాళ్లని అడగాల్సిన ప్రశ్న కాదది. వాళ్ల మీద నాకున్న అనుమానం వేరే. ఒక్క గుంపు చేతికే తాళంచెవి ఇస్తే, కొన్నాళ్లకి అది వాళ్ల హాలవుతుంది, అసోసియేషన్‌దైనా అంతే.

అందుకే నాకు తోచింది ఇది. రోజువారీ పని జీతమిచ్చి ఆ ఆడవాళ్లకే అప్పగించాలి. వాళ్ల మీద ఇద్దరు ఓనర్లు, ఇద్దరు కిరాయిదార్లు, ఇద్దరు బస్తీవాళ్లతో కమిటీ, రెండేళ్లకోసారి మార్పు. బుకింగులూ జమాఖర్చులూ గేటు పక్క గోడ మీద అంటించాలి. సాయంత్రం ట్యూషను టైము ఎవరు ఎంతిచ్చినా బుక్ చేయకూడదు. చావు వచ్చిన ఇంటికి వెనక షెడ్డు ఏ వేళైనా తెరవాలి, డిపాజిట్ అడక్కూడదు.

వచ్చే ఆదివారం ఓటింగ్. ఓటు లేకపోయినా కిరాయిదార్లని మాట్లాడనిస్తామన్నారు, మనిషికి మూడు నిమిషాలట. షెడ్డు సంగతి ముందు చెప్తాను, ట్యూషను సంగతి తర్వాత. ఏసీల గురించి మాట్లాడేవాళ్లు ఎలాగూ చాలామందే ఉన్నారు.