పాముకో చెక్క ఇల్లు

ఆదివారం హైదరాబాద్ అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే పాముల బొమ్మల దగ్గర నా చెయ్యి ఆగిపోతుంది. నాంపల్లిలోని మా ఇంట్లో ప్లైవుడ్ పెట్టె నా చేత్తోనే చేసి, అందులో బాల్ పైథాన్ అనే పామును పెంచాలని ఎన్నాళ్ల కోరికో! ఒక కొసన 32 డిగ్రీల వెచ్చదనం, రెండో కొసన 26; గాలికి రంధ్రాలు, జారుడు అద్దానికి తాళం, దాక్కోవడానికి చీకటి గూడు. థర్మోస్టాట్ లేకపోతే దీపం వేడికి పాము ఒళ్లు కాలుతుంది. అయితే మే నెలలో మనకు ఎండ 40 దాటుతుంది, అప్పుడు చల్లగా ఉంచడమే అసలు కష్టం.

కానీ పెట్టె ఉంది కదా అని ఏ పామునైనా తెచ్చుకోలేం. మన నాగుపామునైనా, జెర్రిపోతునైనా ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. విదేశీ బాల్ పైథాన్‌ను కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఇంట్లోకి పాము వస్తే మాత్రం కర్ర తీయకండి. 1995లో మొదలైన మన హైదరాబాద్ పాముల రక్షణ సంస్థ ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ చేయండి.