చంపమన్నవాళ్లనే చంపే రాష్ట్రం

మా పెన్సిల్వేనియాలో 2012 అక్టోబరును మరిచిపోయిన తెలుగు ఇల్లు ఉండదేమో. కింగ్ ఆఫ్ ప్రషియాలో 10 నెలల పసిపాపను ఎత్తుకెళ్లి, అడ్డొచ్చిన నాయనమ్మను చంపినవాడు మనవాడే, ఆ కుటుంబానికి తెలిసినవాడే. పాప కూడా దక్కలేదు. 50 వేల డాలర్లు ఇమ్మంటూ వదిలిన ఉత్తరంలో తల్లిదండ్రులను దగ్గరివాళ్లు పిలిచే ముద్దుపేర్లు రాశాడు. మనవళ్లను చూసుకోవడానికి ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లను పగలంతా ఇంట్లో వదిలి ఆఫీసుకు వెళ్లాలంటే చాన్నాళ్లు అందరికీ గుండె పీచుపీచుమనేది.

2014లో జ్యూరీ మరణశిక్ష వేసింది. పీడ విరగడైందన్నారు అందరూ. 2018 ఫిబ్రవరి 23న అమలని తేదీ వెలువడగానే బందరు నుంచి మామయ్య ఫోన్ చేశాడు.

"ఏం అల్లుడూ, ఆ రోజు ఇంజెక్షన్ ఇచ్చేస్తారటగా?"

"ఇవ్వరు మామయ్యా."

"మరి తేదీ ఎందుకు వేసినట్టు?"

న్యాయమైన ప్రశ్నే. ఇక్కడి చట్టం ప్రకారం గవర్నరు వారంటు మీద సంతకం పెట్టకపోతే జైళ్ల శాఖ కార్యదర్శి తేదీ వేసి తీరాలి. అప్పీళ్లు మిగిలి ఉంటే కోర్టు స్టే ఇస్తుంది. పైగా 2015లోనే గవర్నర్ టామ్ వుల్ఫ్ మరణశిక్షల అమలు ఆపేశారు. తర్వాత వచ్చిన జాష్ షపీరో 2023లో ఒకడుగు ముందుకేసి, అసలు ఆ శిక్షనే రద్దు చేయమని చట్టసభను కోరారు. తేదీలు వస్తాయి, పోతాయి. వచ్చినప్పుడల్లా టీవీలవాళ్లు పాప ఫొటో బయటికి తీస్తారు.

1976 తర్వాత ఈ రాష్ట్రం చంపింది ముగ్గురినే. చివరివాడు గ్యారీ హైడ్నిక్, 1999లో. ముగ్గురూ "అప్పీళ్లొద్దు, చంపేయండి" అన్నవాళ్లే. 1982లో మరణశిక్ష పడిన నిక్ యారిస్ కూడా 20 ఏళ్లకు విసిగిపోయి అదే మాట అన్నాడు. 2003లో డీఎన్‌ఏ పరీక్ష అతన్ని నిర్దోషిగా తేల్చింది. అతని కోరిక ముందే తీర్చి ఉంటే?

2019 డిసెంబరులో తెలంగాణలోని చటాన్‌పల్లి దగ్గర ఒక హత్యాచారం కేసులోని నలుగురు నిందితులను పోలీసులు కాల్చేసినప్పుడు మామయ్య మళ్లీ ఫోన్ చేశాడు. "చూశావా, మనవాళ్లు ఎంత తొందరగా తేల్చేశారో!" జనం పోలీసుల మీద పూలు చల్లారు. చంపాలనే కాల్చారని తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. ఆ నలుగురి మీద నేరం రుజువు చేసే పని మాత్రం ఏ కోర్టుకూ మిగల్లేదు.

మన దగ్గర యావజ్జీవమంటే ఎవరికీ నమ్మకం లేదు. ఏదో ఒక ఆగస్టు 15న సత్ప్రవర్తన పేరిట బయటికొస్తాడని అనుమానం. ఇక్కడ ఆ పసిపాప కేసులాంటి నేరానికి మరణశిక్ష కాకపోతే పెరోల్ లేని యావజ్జీవమే. చచ్చేదాకా జైలే. ఆ శిక్షే పడి ఉంటే బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకు ఈ తేదీల బాధ ఉండేది కాదు.

నాకు పౌరసత్వం వచ్చింది కాబట్టి జ్యూరీ పిలుపు ఎప్పుడైనా రావచ్చు. అలాంటి కేసైతే మరణశిక్ష వేయగలవా అని ముందే అడుగుతారు. వేయలేనంటాను. నేరం రుజువైతే వాడు జైల్లోనే ముసలివాడై పోవాలని ఓటెయ్యడానికి నాకే అభ్యంతరమూ లేదు. కానీ వేయలేనన్నవాణ్ని ఆ జ్యూరీలో కూర్చోనివ్వరు.