కాగజ్‌నగర్ దారి నుంచి బాపుకు

కరీంనగర్, శనివారం రాత్రి

బాపూ,

క్షేమంగా చేరాను. గొంతు మాత్రం బొంగురుపోయింది, అమ్మకు చెప్పకు. చెబితే ఫోన్లోనే కషాయం తాగిస్తుంది.

హుజూరాబాద్ మీదుగా రాకుండా హుస్నాబాద్ దారి ఎందుకు పట్టానో నీకు తెలుసు. మహ్మదాపూర్ గుట్టలు వానలో నల్లగా కనబడ్డాయి. 1948 మార్చి 14న సాయుధ పోరాట నాయకుడు అనభేరి ప్రభాకరరావును, ఆయన దళాన్ని నిజాం బలగాలు చంపింది అక్కడే. ఆ గుట్టలు చూసినప్పటినుంచి మనిద్దరి పాత వాదమే నా బుర్రలో తిరుగుతోంది. నిజాం ప్రధాని ఛత్తారీ నవాబు పిరికివాడంటావు నువ్వు. నేను ఒప్పుకోను.

1947 అక్టోబరులో నిజాం కౌన్సిల్ భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం మీద మూడు రోజులు తర్జనభర్జన పడింది. ఆరుగురు సరేనన్నారు, ముగ్గురు వద్దన్నారు. 25న నిజాం కూడా సరేనని, సంతకం మాత్రం మర్నాటికి పెట్టుకున్నాడు. 27 తెల్లవారుజామున రజాకార్లను నడిపే ఇత్తెహాద్ గుంపు, నిజాం తరఫున చర్చలు జరిపే ఛత్తారీ, మాంక్టన్, సుల్తాన్ అహ్మద్‌ల ఇళ్ళను చుట్టుముట్టింది. అంతే, నిజాం మాట మారింది. 1919లో ఫర్మానాతో పుట్టిన కౌన్సిల్ అది. నిజాం సంతకం లేనిదే ఆ ఆరు ఓట్లకు విలువ లేదు. అలాంటి కుర్చీలో ఉన్న ప్రధాని రాజీనామా తప్ప ఏం చేయగలడు బాపూ? నవంబరు 29న నిజాం సంతకం చేసింది దాదాపు అవే షరతుల మీద. నెల రోజుల్లో మారిందల్లా ఒకటే: రజాకార్లకు తమ బలం ఎంతో తెలిసివచ్చింది. ఆ గుట్టల్లో పడిన శవాలకూ ఆ రాత్రికీ సంబంధం లేదని నేననుకోలేను.

కాగజ్‌నగర్, ఆదివారం

పెద్దపల్లిలో భాగ్యనగర్ రైలెక్కి ఇక్కడ దిగేసరికి కుండపోత. బస్టాండుకు ఆటోవాడు రెండు వందలన్నాడు. నాకు ఒళ్ళు మండింది, గొంతు లేదు. ఈలోగా మక్క కంకుల సంచితో ఒక ముసలామె వచ్చి నిలబడింది. "నిన్న నన్ను ఇరవైకే తోల్కచ్చినవ్, ఇయాల ఈ బిడ్డకు రెండు వందలా?" అని అందుకుంది. వాడు వాన అంటాడు, పెట్రోలంటాడు, గుంతలంటాడు. ఆమె ప్రతిదానికీ "అయితే?" అంటుంది. చివరికి ఇద్దరినీ కలిపి ఎనభైకి తీసుకెళ్ళాడు. దిగేటప్పుడు నా చేతిలో రెండు కంకులు పెట్టింది, డబ్బిస్తే తిట్టింది. నాయనమ్మ ఉంటే ఇలాగే ఉండేది. దారంతా ఇల్లు గుర్తొచ్చింది.

పేపర్ మిల్లును బయటనుంచే చూశాను. 2014లో మూతబడి 2018లో మళ్ళీ తెరుచుకుంది. ఈ మిల్లుతో పేరు ముడిపడ్డ పారిశ్రామికవేత్త మీర్ లాయక్ అలీయే ఛత్తారీ తర్వాత ప్రధాని అయ్యాడు. ఆయన మంత్రివర్గంలోనూ పోట్లాటే. పర్భణి, నాందేడ్‌లలో రజాకార్ల దౌర్జన్యాలు భరించలేక మంత్రి జె.వి. జోషి రాజీనామా చేశాడు. ఆ కాలపు పెద్దమనుషుల్లో నాకు గౌరవం కలిగేది ఆయన మీదే.

ఆసిఫాబాద్, మంగళవారం

జ్వరం వచ్చి తగ్గింది. ఇప్పుడు చెప్పవచ్చు అమ్మకు. నిన్న రాత్రి మెస్సులో వేడి జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ. రొట్టె అంచు కాస్త మాడి, మధ్య మెత్తగా, చేత్తో తుంచితే ఆవిరి లేచింది. పప్పులో ఎల్లిపాయ ధారాళంగా వేశారు. అమ్మ పిసినారితనం అప్పుడు తెలిసింది!

గోండు వీరుడు కొమురం భీము పోరాడిన జోడేఘాట్ వెళ్ళాను, అక్కడ నోరు పెగల్లేదు. మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టి ఎలిజబెత్‌ల సమాధుల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. యుద్ధకాలంలో జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందుకు ఆయన్ను శత్రుదేశీయుడిగా చూశారు. గోండుల భూమి బాధలు రాసి సర్కారు ముందు పెట్టింది ఆయనే. ఆ మాట చెవినపెట్టినవాడు కౌన్సిల్‌లో రెవెన్యూ సభ్యుడిగా ఉన్న గ్రిగ్సన్. అయినా కొమురం భీము 1940లో నేలకొరిగితే, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది 1356 ఫసలీలో, అంటే 1946లో. హైదరాబాద్‌లో ఎవరి కుర్చీ ఎవరిదన్న గొడవకు దొరికిన తీరిక అడవిలో దున్నుకునేవాడి పట్టాకు దొరకలేదు. ఆ పెద్దలందరి మీదా నా ఫిర్యాదు ఇదే.

ఇప్పుడు గిరిజనుల భూమి ఇతరుల చేతికి పోకుండా 1/70 చట్టముంది. అయినా ఇక్కడ ఎవరితో కూర్చున్నా భూమి కేసు మాటే. తమ్ముడు లా చివరి ఏడాదిలో ఉన్నాడు కదా, హైకోర్టు, హైకోర్టు అని కలవరిస్తున్నాడు. సెలవుల్లో వాణ్ణి ఉట్నూరు పంపు బాపూ. ఏజెన్సీ భూముల కాగితాలు చదివిపెట్టే మనిషి ఇక్కడ చాలా అవసరం.

నీ బిడ్డ