కొనాలా? కూర్చుకోవాలా?

మా పుట్టిల్లు కైరుప్పల. ఉగాది మర్నాడు అక్కడ వీరభద్రస్వామి వర్గం, కాళికాదేవి వర్గం పిడకలతో తలపడతాయి. మొన్న వేసవి సెలవుల్లో ఆదోనిలోని మా ఇంట్లో కూడా రెండు వర్గాలయ్యాయి. గొడవ కీబోర్డు గురించి!

నాది డీటీపీ పని. అర్జీలు, పెళ్లిపత్రికలు, ప్రశ్నపత్రాలు టైప్ చేస్తాను. పాత కీబోర్డులో రెండు కీలు పడటం లేదు. అది మెంబ్రేన్ రకం. లోపల కీలన్నిటికీ కలిపి ఒకే పొర ఉంటుంది, విడిగా ఒక కీని మార్చడం కుదరదు. "టీవీఎస్ గోల్డ్ తెచ్చుకో" అన్నారు మావారు. ఆఫీసుల్లో ఏళ్లుగా వాడుతున్న మెకానికల్ కీబోర్డు అది. తెచ్చి తగిలిస్తే చాలు, పని మొదలుపెట్టొచ్చు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి మాత్రం "విడిభాగాలు తెప్పించు, నేనే కూరుస్తానమ్మా" అని పట్టుబట్టింది.

"దాదాపు రెట్టింపు ఖర్చు. పనిచేయకపోతే?" అన్నారాయన. న్యాయమైన ప్రశ్నే. నా పని ఆగితే ఆ రోజు సంపాదన లేనట్టే. చివరికి రాజీ కుదిరింది. సగం డబ్బు తన దాచుకున్నదాంట్లోంచి పెట్టాలి, గడువు పది రోజులు. అంతవరకు నాకు పక్క షాపువాళ్ల కీబోర్డు.

87 స్విచ్‌లు వచ్చాయి. సోల్డరింగ్ అక్కర్లేని హాట్‌స్వాప్ బోర్డు కాబట్టి ఒక్కో స్విచ్‌ను దాని గుంటలో నొక్కితే చాలు. టక్‌టక్ మోగేవి, నొక్కినప్పుడు వేలికి చిన్న మెట్టులా తగిలేవి, నున్నగా దిగిపోయేవి అని మూడు రకాలున్నాయట. ఎదురుగా కూర్చున్నవాళ్లతో మాట్లాడుతూ టైప్ చేస్తాను కాబట్టి రెండో రకం ఎంచుకున్నాం.

తగిలిస్తే నాలుగు కీలు పలకలేదు. మావారు నావైపు చూశారు. అమ్మాయి మాత్రం ఆ నాలుగు స్విచ్‌లనూ బయటికి లాగింది. ఒక్కోదానికి ఒక కాలు వంగి ఉంది. చిన్న పట్టకారుతో సరిచేసి మళ్లీ పెడితే పలికాయి. స్పేస్‌బార్ గలగలమంటుంటే దాని కింది తీగలకు గ్రీజు రాసింది. తర్వాత నా పక్కన కూర్చుని, నేను వాడే యాపిల్ లేఅవుట్‌లో ఏ అక్షరం ఎక్కడుందో అడిగి, కీల మీద తెలుగు స్టిక్కర్లు అంటించింది. నా పనేమిటో తను అంత వివరంగా అడగడం అదే మొదటిసారి.

పని అర్జెంటైతే కొనుక్కోవడమే మేలు. మీ పిల్లలకు ఆసక్తి, మీకు కాస్త వ్యవధి ఉంటే మాత్రం ముందు పాడైన కీబోర్డు ఒకటి వాళ్ల చేతికివ్వండి. ప్లగ్ తీసేసి, స్క్రూడ్రైవర్‌తో విప్పి చూడనివ్వండి. దానికి ఖర్చేమీ లేదు.