‘దాకా’ అంటే ఎందాకా?

చాలా రోజులకు మళ్ళీ ఇటు వచ్చాను. ఈసారి పద్యం గురించి గాని, సమాసం గురించి గాని రాయబోవడం లేదు. ఉద్యోగ విరమణ తరువాత కాలక్షేపానికి నేర్చుకున్న జావాస్క్రిప్టులో నేను చేసిన ఒక తప్పును, దాని వెంట నోరుజారి చేసిన మరొక తప్పును మిత్రులతో చెప్పుకుందామని వచ్చాను. మొదటిది దిద్దుకోవడానికి ఒక రాత్రి పట్టింది. రెండవదానికి ఏడాది పట్టింది.

మా అమ్మ 2018 మార్చి 31వ తేదీన, రాత్రి తెల్లవారక ముందే, 2 గంటల 40 నిమిషాలకు కన్నుమూసింది. చైత్ర పూర్ణిమ. ఆబ్దికం తిథిని బట్టే పెడతాను. అయితే హైదరాబాదులో ఉన్న అబ్బాయికీ, న్యూజెర్సీలో ఉన్న అమ్మాయికీ పంచాంగం చూసుకునే తీరిక ఉండదు. వాళ్ళకు తేదీయే ఆధారం. అందుకని ఇంటిల్లిపాదికీ పనికివచ్చేలా ఒక చిన్న పుట తయారు చేశాను. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, పెద్దలు పోయిన రోజులు కలిపి నలభై దాకా అందులో ఎక్కించాను. పుట తెరవగానే ‘నేడు’, ‘గడిచిన ఏడు రోజులు’, ‘ఈ నెల’, ‘గత నెల’ అని నాలుగు విభాగాలు కనబడతాయి. ఏ రోజు ఏ విభాగంలోకి వస్తుందో ప్రోగ్రామే లెక్కగట్టి చూపుతుంది.

ఈ పని తేలిక అనుకున్నాను. మన భాషలో నిన్న, మొన్న, అటుమొన్న, రేపు, ఎల్లుండి, నిరుడు, ముందటేడు అని ఎన్ని మాటలున్నాయి! సంస్కృతంలోనూ నిరుటికి పరుత్ అనీ, ముందటేటికి పరారి అనీ, ఈ ఏటికి ఐషమః అనీ ఒక్కొక్క మాట ఉంది. ఇవన్నీ ఆడినవాడు నిలబడ్డ చోటు నుంచి కొలిచే మాటలు. అతడెక్కడ నిలబడ్డాడో, ఏ గడియలో ఆ మాట ఆడాడో తెలియకపోతే వీటికి అర్థం లేదు. మనుషుల మధ్య ఈ సంగతి చెప్పకుండానే తెలిసిపోతుంది. యంత్రానికి మాత్రం అన్నీ చెప్పాలి. నేను చెప్పవలసినవి చెప్పలేదు.

2021 మార్చి 31న పొద్దుటి నుంచీ పిల్లల ఫోను కోసం ఎదురుచూశాను. మధ్యాహ్నం దాటింది, దీపాలు పెట్టే వేళ దాటింది. ఎవరూ చేయలేదు. రాత్రి ఎనిమిదిన్నరకు నేనే అమ్మాయికి ఫోను చేశాను. అక్కడ పగలు పదకొండు. “నిన్ను ఎత్తుకు పెంచిన మనిషిని మూడేళ్ళకే మరిచిపోయారు, రేపు మమ్మల్ని ఎన్నాళ్ళు తలుచుకుంటారు?” అన్నాను. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, “నాన్నా, మీ పుటలో ఈ నెల నాయనమ్మ పేరు లేదు. తిథి ప్రకారం వచ్చే నెలకు మార్చారేమో అనుకున్నాను” అంది. “తప్పు చేసి పుట మీదకు నెట్టకు” అని ఫోను పెట్టేశాను.

పెట్టేశాక పుట తెరిచి చూశాను. నిజంగానే లేదు. పట్టికలో ఉంది, ‘ఈ నెల’లో లేదు.

కారణం వెదకడానికి హైదరాబాదులో ప్రోగ్రాములు రాసే మా పాత విద్యార్థి ఒకరికి కోడు పంపాను. అరగంటలో తిరిగి ఫోను చేశాడు. “మాస్టారూ, మీరు మార్చి 1 నుంచి మార్చి 31 దాకా అని రాశారు. మీ దృష్టిలో 31 అంటే ఆ రోజంతా. యంత్రం దృష్టిలో 31 అంటే ఆ రోజు మొదలయ్యే అర్ధరాత్రి క్షణం. అక్కడితో నెల అయిపోయింది. తక్కిన వాళ్ళకు మీరు ఉత్త తేదీలే ఇచ్చారు కనుక అవి సరిగ్గా ఆ క్షణం మీదే నిలిచి దొరికిపోతాయి. మీ అమ్మగారి ఒక్కరికే గంటలూ నిమిషాలూ రాశారు. 2 గంటల 40 నిమిషాలు అర్ధరాత్రి దాటాక కదా, అందుకని గీత అవతల పడింది” అన్నాడు.

ఆస్పత్రి వాళ్ళ కాగితంలో ఉన్న సమయాన్ని భక్తిగా ఎక్కించింది నేనే. ఆ భక్తే ఆమెను నెలలోంచి తప్పించింది.

“మరి ఎలా రాయాలి?” అని అడిగాను. “మొదటి రోజును కలుపుకోండి, చివరి గీతను కలుపుకోకండి. మార్చి 1 మొదలుకొని, ఏప్రిల్ 1 రాకముందు వరకు అని రాయండి. 31వ తేదీ పూర్తిగా లోపల ఉంటుంది, రాత్రి 11 గంటల 59 నిమిషాల సంగతి కూడా జారిపోదు” అన్నాడు. డచ్చి శాస్త్రవేత్త ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా 1982లోనే అంకెల వరుసల విషయంలో ఈ పద్ధతి మేలని వాదించాడట. మొదలు లోపల, చివర వెలుపల ఉంటే చివరలోంచి మొదలు తీసివేసినప్పుడు సరిగ్గా లెక్క వస్తుంది. ఒక వరుస ముగిసిన గీత దగ్గరే తరువాతి వరుస మొదలవుతుంది. రెండింటి మధ్య సందు ఉండదు, ఏ రోజూ రెండుసార్లు లెక్కకు రాదు.

విన్నాక నాకు నవ్వు, సిగ్గు ఒక్కసారే వచ్చాయి. ఇది ఆ అబ్బాయి నాకు చెప్పవలసిన పాఠం కాదు, నేను వాళ్ళకు చెప్పవలసిన పాఠం. సంస్కృతంలో ‘వరకు’ అనే అర్థమిచ్చే ‘ఆ’ అనే అవ్యయానికి పాణిని రెండు అర్థాలు చెప్పాడు. ఒకటి మర్యాద, రెండవది అభివిధి. పాటలిపుత్రం దాకా వాన కురిసిందంటే పాటలిపుత్రం తడిసిందా, లేదా? ఊరిని విడిచి చెబితే మర్యాద, ఊరిని కలుపుకొని చెబితే అభివిధి. పండిత శిక్షణలో ఈ భేదాన్ని వల్లె వేశాను. ఒకసారి తుపాను వచ్చినప్పుడు ‘10వ తేదీ వరకు సెలవు’ అని బడి నోటీసు బోర్డు మీద నేనే రాశాను. 10వ తేదీన సగం మంది పిల్లలు వచ్చారు, సగం మంది రాలేదు. వచ్చినవాళ్ళు మర్యాద అనుకున్నారు, రానివాళ్ళు అభివిధి అనుకున్నారు. వ్యాకరణం ప్రకారం ఎవరిదీ తప్పు కాదు, రాసినవాడిదే తప్పు. ముప్ఫై ఏళ్ళు గడిచినా ఆ రాసినవాడు మారలేదు.

ఆ రాత్రే ‘ఈ నెల’ దిద్దాను. ఆ ఊపులో ‘గత నెల’ నొక్కి చూశాను. ఫిబ్రవరి రోజులు రావలసిన చోట మార్చి రోజులే వచ్చాయి. నెల సంఖ్యలోంచి ఒకటి తీసివేయమని రాశాను. జావాస్క్రిప్టు నెలలను సున్నతో మొదలుపెట్టి లెక్కిస్తుంది కనుక మార్చి 2, ఫిబ్రవరి 1. తీసివేత సరిగానే జరిగింది. కానీ నేను నిలబడింది 31వ తేదీ మీద. ఫిబ్రవరి 31 అనే రోజు లేదు. యంత్రం తప్పని అరవకుండా, ఫిబ్రవరి 28 తరువాత మరో మూడు రోజులు నడిచి మార్చి 3న దిగబడింది. అదే లీపు సంవత్సరమైతే మార్చి 2న దిగేది. ముందుగా తేదీని 1కి తెచ్చి, ఆపైన నెల వెనక్కి జరిపితే ఈ చిక్కు రాదు. మిగిలిన నెలంతా సవ్యంగా నడిచి నెలాఖరున మాత్రమే బయటపడే తప్పు ఇది. నేను ఆ రాత్రి చూడకపోతే ఇంకెంతకాలం దాగి ఉండేదో.

‘గడిచిన ఏడు రోజులు’ కూడా నిలువలేదు. ఒక రోజుకు 8,64,00,000 మిల్లీసెకన్లు అని ఏడింతలు వెనక్కి నడిపించాను. మన దేశంలో అది చెల్లుతుంది. అమెరికాలో చాలాచోట్ల 2007 నుంచి మార్చి రెండవ ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతున్నారు. ఆ రోజుకు 23 గంటలే. ఆ ఆదివారాన్ని దాటి వెనక్కి వెళితే, అమ్మాయి ఫోనులో వారం ముందునాటి రాత్రి 11 గంటలకే మొదలవుతుంది. గంటలు కొలవడం వేరు, రోజులు లెక్కించడం వేరు. తేదీలోంచి ఏడు తీసివేయమంటే సరిపోయింది.

ఇక ‘నేడు’. నేను నాలుగు గంటలకే లేచే మనిషిని. ఆ వేళ పుట తెరిస్తే ‘నేడు’ విభాగంలో నిన్నటి తేదీ ఉండేది. తేదీని ప్రామాణిక రూపంలోకి మార్చి మొదటి పది అక్షరాలు కత్తిరించుకున్నాను. ఆ రూపం మన కాలమానంలో కాక యూటీసీ అనే విశ్వకాలమానంలో వస్తుంది. మనం దానికంటే అయిదున్నర గంటలు ముందు ఉన్నాం. కనుక ఉదయం అయిదున్నర దాకా ఆ లెక్కకు ఇంకా నిన్ననే. దానిని కూడా స్థానిక కాలానికి మార్చాను. మా విద్యార్థి సలహా మీద అమ్మ పోయిన సమయం పక్కన ‘అయిదున్నర గంటలు ముందు’ అనే గుర్తు కూడా చేర్చాను. లేకపోతే ఏ దేశంలో తెరిస్తే ఆ దేశపు 2 గంటల 40 నిమిషాలుగా యంత్రం తీసుకుంటుందట.

తెల్లవారేసరికి కోడు బాగుపడింది. అమ్మాయికి మాత్రం ఫోను చేయలేదు. “నీ మాటే నిజం, తప్పు నాదే” అనే రెండు ముక్కలు చెప్పడానికి నాకు నోరు రాలేదు. వారానికొకసారి మాట్లాడుకుంటూనే ఉన్నాం. పిల్లల చదువులు, నా మోకాళ్ళు, అక్కడి చలి అన్నీ వచ్చేవి. ఆ ఒక్క సంగతి రాలేదు. తరగతిలో పిల్లవాడు తప్పు ఒప్పుకోకపోతే ఎంతసేపు నిలబెట్టేవాణ్ణో నాకు గుర్తుంది.

మరుసటి ఏడు, 2022 మార్చి 31న ఉదయం అయిదు గంటలకు అమ్మాయే ఫోను చేసింది. ఆమె దగ్గర ఇంకా 30వ తేదీ, రాత్రి ఏడున్నర. “నాయనమ్మకు దీపం పెట్టాను నాన్నా” అంది. “తేదీ 31 కదమ్మా” అనబోయి ఆగాను. ఆమే చెప్పింది: “మీ పుట నా ఫోనులో 30 అనే చూపిస్తోంది. ముందు తప్పేమో అనుకున్నాను. తరువాత గుర్తొచ్చింది. నాకు అది 30వ తేదీనే. శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ రైల్లో ఉండగా తమ్ముడు ఫోను చేశాడు. అప్పటికి మీకు తెల్లవారలేదు.”

కాగితం తీసి లెక్క వేసుకున్నాను. ఇక్కడి 31వ తేదీ 2 గంటల 40 నిమిషాలంటే అక్కడ 30వ తేదీ సాయంత్రం 5 గంటల 10 నిమిషాలు. పుట తప్పు చెప్పలేదు. అంతేకాదు, మన పంచాంగంలో వారం మారేది సూర్యోదయంతో. అమ్మ పోయేనాటికి మాకు కూడా శుక్రవారం వెళ్ళలేదు. ఆస్పత్రి కాగితం శనివారం అంటుంది. పంచాంగమూ, అమ్మాయీ శుక్రవారం అంటారు.

పాణినీయంలో ‘అనద్యతన’మని ఒక మాట ఉంది. ఈనాటిది కానిది అని అర్థం. ఈనాటిది కాని గతానికి ఒక క్రియారూపం, ఈనాటిది కాని భవిష్యత్తుకు మరొకటి. అయితే ‘ఈనాడు’ అంటే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా? కాశికావృత్తిలో పూర్వుల నిర్వచనాలు రెండు కనబడతాయి. వేళకు నిద్రలేచింది మొదలు వేళకు పడుకొనే వరకు ఈనాడని కొందరు, పగటికి అటు సగం రాత్రినీ ఇటు సగం రాత్రినీ చేర్చి ఈనాడని మరికొందరు అన్నారట. పాణిని మాత్రం ఇలాంటివి శాస్త్రం బోధించనక్కరలేదనీ, లోకవ్యవహారమే వాటికి ప్రమాణమనీ వదిలిపెట్టాడు. చదువుకునే రోజుల్లో ఇది దాటవేత అనుకున్నాను. ఆ ఉదయం అలా అనిపించలేదు. అమ్మాయి జ్ఞాపకంలో ఆ రోజు శుక్రవారం సాయంత్రం. దాన్ని 31కి దిద్దడానికి నేనెవరిని?

ఆ ఫోనులోనే చెప్పాను. “అమ్మా, నిరుడు నీ మాటే నిజం. పుటలో నాయనమ్మ లేదు. చివరి రోజును బయట పెట్టేసింది నేనే. ఆ రాత్రే తెలిసింది, చెప్పలేదు.” అవతల కొంతసేపు నిశ్శబ్దం. “నాకు తెలుసు నాన్నా, మర్నాడు చూస్తే పేరు వచ్చింది” అంది. ఏడాదిగా ఆమెకు తెలుసు. నేను చెబుతానని చూసింది, అంతే.

అప్పటి నుంచి పుటలో ఒక మార్పు చేశాను. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు ఉత్త తేదీలుగానే ఉంచాను. వాటికి గంటలూ లేవు, దేశమూ లేదు. ఏప్రిల్ 5 ఎక్కడైనా ఏప్రిల్ 5. అమ్మది మాత్రం క్షణంగానే ఉంచాను. మా ఇంట్లో అది 31న కనబడుతుంది, అమ్మాయి ఇంట్లో 30న కనబడుతుంది. నేను తెల్లవారుజామున దీపం పెట్టే వేళకు ఆమె అక్కడ రాత్రి దీపం పెడుతోంది. తేదీలు రెండు, వేళ ఒకటే.

కోడు రాసే చిన్నవాళ్ళకు ఇదంతా చాదస్తంగా తోచవచ్చు. ‘దాకా’ అని రాసిన ప్రతిచోటా మర్యాదా, అభివిధా అని ఒకసారి ఆగి చూసుకోమనే నా మనవి. శాస్త్ర విషయంలో గాని, కోడు విషయంలో గాని పొరపాట్లు దొర్లి ఉంటే విజ్ఞులు దిద్దండి. ఈసారి ఏడాది తీసుకోను.